సొరుగులో ఉంచిన కాగితం

భీమేశ్వరరావు పేటెంటు ఏజెంటు. ఢిల్లీలో అశోకా రోడ్డు దగ్గర మేడ మీది గదే ఆయనకు ఆఫీసూ, ఇల్లూ. యాభై దాటాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగి అడిగి విసిగిన చుట్టాలు ఆ అడగడం కూడా మానేశారు.

ఏజెంటు పరీక్షకు కూర్చునే పిల్లలకు శనివారాలు పాఠం చెప్పేవాడు. బల్ల మీద సేఫ్టీపిన్ను పెట్టి, దాన్ని ఎన్నడూ చూడనివాడు కూడా చదివి చేసుకోగలిగేలా వర్ణించి రాయమనేవాడు. సగంమంది ఆ పిన్ను దగ్గరే చతికిలబడేవారు. గడువుల సంగతి వస్తే ఆయన గొంతు పెరిగేది. "ఆఫీసు ఆలస్యానికి మనం పూచీ కాదు. మన బల్ల మీద మాత్రం కాగితం నిద్రపోకూడదు" అనేవాడు. చెప్పడానికేం, ఎన్నయినా చెప్పొచ్చు.

1979లో సామర్లకోటలో టిఫిను హోటలు నడిపే మాణిక్యం అనే ఆవిడ, తాను కనిపెట్టిన పొగరాని ఊక పొయ్యికి పేటెంటు కావాలని రాసింది. ఆవిడ తరఫున ఆయన దరఖాస్తు పెట్టాడు. అప్పట్నుంచి నెలకో ఇన్‌లాండు లెటరు వచ్చేది. పొయ్యి గురించి నాలుగు ముక్కలు, ఊళ్ళో వానలు, చివర "అక్కడ చలెక్కువటగా, వేడివేడిగా తినండి" అని. ఆయన తిన్నాడో లేదో అడిగే మనిషి ఢిల్లీ మొత్తంలో లేదు. ఆ ఒక్క మాట కోసం ఉత్తరం మూడుసార్లు చదివేవాడు.

రెండేళ్ళకు పేటెంటు ఆఫీసు అభ్యంతరాలు రాసి పంపింది. పదిహేను నెలల్లో సరిచేసి జవాబు పంపాలి, లేదంటే దరఖాస్తే పోతుంది. ఒక పూట పని. పంపితే పేటెంటు వచ్చేస్తుంది, వస్తే ఆవిడకిక ఉత్తరం రాసే పనుండదు. కాగితం సొరుగులో పెట్టేశాడు. "ఆఫీసులో ఆలస్యమవుతోందండీ" అని రాశాడు. సిగ్గుపడ్డాడు, పైనెలా అదే రాశాడు.

"పక్క ఊరివాళ్ళు నా పొయ్యి చూసి, అలాంటివే చేసి సంతలో అమ్ముతున్నారండీ. పేటెంటు చేతికొస్తే ఆపించొచ్చు" అని ఆవిడ రాసింది. అప్పుడూ ఆయన సొరుగు తీయలేదు. ఇంతకంటే పాడుపని ఆయన జన్మలో చేయలేదు.

ఒక శనివారం పాఠానికి వచ్చిన లా విద్యార్థిని గౌరి అభ్యాసానికి పాత ఫైలేదైనా దొరుకుతుందేమోనని సొరుగు తెరిచింది.

"సార్, ఇది వచ్చి పదకొండు నెలలైంది. రిప్లై ఏదీ?"

"రాద్దాం, కూర్చోమ్మా."

సాయంత్రానికి జవాబు రాయడం అయిపోయింది. "అచ్ఛా, ఇంతేనా? మరెందుకు ఆపారు సార్?" అంది. ఆయన పెన్ను మూత వెతుక్కున్నాడు.

మరుసటి ఏడు పేటెంటు వచ్చింది. మాణిక్యం రాసింది: "సంతలో వాళ్ళు అమ్మాల్సినన్ని అమ్మేసుకున్నారు, పోనివ్వండి. నా కోసం ఆ ఆఫీసుతో ఒక్కరే ఇన్నాళ్ళు పోరాడారు. ఇక మిమ్మల్ని విసిగించను."

ఆ మెప్పు ఆయనకు మింగుడు పడలేదు. మూడు రోజులు ఆగి నిజం రాశాడు. ఆలస్యం ఆఫీసుది కాదని, తనదని, ఆవిడ ఉత్తరాలు ఆగిపోతాయని భయపడ్డానని. రిజిస్టరు పోస్టులో పంపాడు.

పదో రోజున రసీదు కార్డు తిరిగొచ్చింది. అందినట్టు ఆవిడ చేవ్రాలు ఉంది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.