అడగని బాప్తిస్మం

యుద్ధం రోజుల్లో సిద్దిపేటలో మోటారెక్కడమంటే సగం పూట ఎదురుచూడడమే. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపేవారు. ఆ బొగ్గు రాజుకునేదాకా అడ్డాలో కూర్చోవాలి. కొత్తగా బోధకుణ్ణయిన నాకు అంత ఓపిక లేదు. పైగా పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

పక్కన మూట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ నా చేతిలో బైబిలు చూసింది. నంగునూరులో కూలిపని చేసుకునే మనిషట.

"నేను గూడ కిరస్తానీనే అయ్యా," అంది.

"ఎప్పుడు నమ్మినవవ్వా?"

"నమ్ముడేంది? గప్పుడు నాకు జరం, తెలివే లేకుండె. వాడకట్టంత బాప్తిస్మం తీసుకుంటుంటె అయ్యగారు ఇంట్లకొచ్చి నా మీద గూడ నీళ్లు చల్లిన్రు."

నాకు ఒళ్లు మండింది. అది చెల్లదన్నాను. దేవుడు ఎవరినీ బలవంతంగా రక్షించడని, మనిషి తన ఇష్టంతో అడిగితేనే కృప దొరుకుతుందని, చదువుకున్నదంతా అప్పజెప్పాను. ఆమె మూట విప్పుకుంటూ విన్నది.

"ఇచ్చినంక మళ్ల అడుగుడేందయ్యా?"

ఇంత మొండిమనిషిని చూడలేదనుకుంటూ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. మధ్యలోనే ఆమె లేచి మూట నెత్తికెత్తుకుంది.

"గీ మోటరు ఇప్పట్ల కదలదు. నేను నడిచి పోత," అని వెళ్లిపోయింది.

అప్పుడు చూసుకున్నాను. నా చేతిలో ఆమె మూటలోని జొన్నరొట్టె ఉంది. సగం తినేశాను కూడా.

చేయి చాపింది నేనే కదా అని ఇన్నేళ్లుగా నాతో నేను వాదిస్తూనే ఉన్నాను. ఎంత తలచుకున్నా, చాపినట్టు మాత్రం గుర్తు రావడం లేదు.