పంచాంగం పేచీ

ఎనభైల్లో అమెరికాలోని ట్రాయ్ ఊరి తెలుగువాళ్ళకు పేచీ అంటే కొండల్ రావు గారే. పప్పులో ఇంగువ మొదలు పంచాంగం దాకా, కళ్ళజోడు నుదుటికెక్కించి మరీ వాదించేవారు. నిరుడు వసుమతి ఇంట్లో వినాయకుడి పూజ మధ్యలో, "ఇండియా టైము చూసి చేస్తున్నావమ్మా, ఇక్కడ చవితి నిన్ననే అయిపోయింది" అని పదిమందిలో ఆమెను నవ్వులపాలు చేశారు. ఏడాదైనా ఆ మంట ఆరలేదు. ఈసారి ఆయనింట్లో సత్యనారాయణ వ్రతం. హారతి కాగానే వసుమతి అందరికీ వినపడేలా అంది: "పౌర్ణమి నిన్న సాయంత్రమే వెళ్ళిపోయిందండీ, కొండల్ రావు గారూ!" అందరూ గొల్లుమన్నారు. కళ్ళజోడు ఎప్పుడు పైకెక్కుతుందా అని ఆమె కాచుకుంది. "నిజమేనమ్మా, పొరపాటు నాదే" అంటూ ఆయన, జీడిపప్పు పడని ఆమె కోసం విడిగా తీసి ఉంచిన ప్రసాదం చేతిలో పెట్టారు. వాదనకని ఆమె రాసి తెచ్చుకున్న తిథుల కాగితం పర్సులోనే ఉండిపోయింది.