ముందు చక్రం దగ్గర మా మనవరాలు

అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు వేయించి మళ్ళీ వాడటం మా ఇంట్లో నేను పెట్టిన పద్ధతి. అయితే అవి వెనక చక్రాలకే.

ఈ రోజు ఉదయం మా లారీ పలకరాయి లోడుతో మార్కాపురం నుంచి నంద్యాలకు బయలుదేరబోయింది. ఈమధ్యే లారీ బాధ్యత తీసుకున్న మా మనవరాలు స్రవంతి ముందు చక్రం దగ్గర ఆగిపోయింది. నిన్న పంక్చరైతే డ్రైవరు మస్తాన్ స్టెప్నీ బిగించాడు. అది రబ్బరు వేయించిన టైరు.

“ఇది వెనక్కి మార్చు మామా.”

“వెనకాల ఒక్కటి తప్ప అన్నీ ఇట్లాంటివే గదా పాపా? మీ అవ్వ ఏయించినవే!”

“వెనక ఒకటి పోతే పక్కది మోస్తాది. గిద్దలూరు ఘాట్‌లో ముందరిది పగిలితే ఏంది గతి?”

“లేటైతే సరుకు షావుకారి తిట్లు ఎవరు తింటారు?”

“నేను తింటా. జాకీ తియ్యి.”

మస్తాన్ నా వైపు చూశాడు. నేను స్రవంతి వైపు చూపించాను. “అచ్చం అవ్వ నోరే!” అని గొణుక్కుంటూ, వెనక ఉన్న కొత్త టైరును విప్పి ముందు బిగించాడు. షావుకారి తిట్లు స్రవంతి ఫోన్లో నిమ్మళంగా విన్నది.

ఘాట్ దాటగానే మస్తాన్ ఇన్నేళ్ళుగా నాకే ఫోన్ చేసేవాడు. ఈ రోజు ఆమెకు చేశాడు. అయినా రెండుసార్లు నా ఫోన్ తీసి చూసుకున్నాను. మన కుర్చీలో పిల్లలు సరిగ్గా కూర్చుంటే మీకూ ఇంత గర్వంగా ఉంటుందా, నాకేనా?