తాళం వేసిన ఇంటి మీంచి పిలుపు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. మహబూబాబాద్ జిల్లాలో సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. అన్నదమ్ములిద్దరు గట్టు మీద నిలబడి చెరొక దేవుడి మీద ఒట్టేసి చెరొక హద్దు చూపిస్తుంటే, ఇద్దరినీ పక్కకు జరగమని కొలత తీసే ఉద్యోగం నాది. నోటిమాటకు నా దగ్గర విలువ లేదు. శ్మశానం పక్క భూములు కూడా ఒంటరిగా కొలిచాను. ఇన్నేళ్లలో నా మీదికి వచ్చినవాళ్లంతా బతికున్నవాళ్లే, అదీ పొలం రెండు గుంటలు తగ్గిందని.

కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో, పట్టపగలు, మా అమ్మ పక్కనుండగా జరిగింది.

మాది జఫర్‌గఢ్. నస్రీన్ వాళ్లిల్లు మాకు తూర్పున, మూడిళ్ల అవతల. వాళ్ల నాన్న ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలర్. వాళ్లమ్మను నేను ఖాలా అని పిలిచేదాన్ని, మనం పిన్ని అన్నట్టు. ఆరో తరగతి నుంచి పది దాకా మాది ఒకటే బెంచీ. లెక్కలు నేను చేస్తే ఆమె చూసి రాసుకునేది. సైన్సు రికార్డులో నా బొమ్మలన్నీ ఆమె గీసినవే. ఎప్పుడైనా ఒక్కదాన్నే కనిపిస్తే సార్లు "ఇంకో సగమేది?" అని అడిగేవాళ్లు.

ఎండాకాలం సెలవుల్లో మాకున్న చిక్కల్లా ఒకటే. మధ్యాహ్నం బయట కాలు పెడితే అమ్మలు వీపు విమానం మోత మోగించేవాళ్లు. ఫోన్లేమో నాన్నల జేబుల్లో ఉండేవి. అందుకని నస్రీన్ ఒక ఉపాయం కనిపెట్టింది. వాళ్ల నాన్న దుకాణంలో నిలువుటద్దం పగిలితే అరచేతంత ముక్క తెచ్చుకుని, అంచులు రాయి మీద అరగదీసి, చుట్టూ ఎర్రగుడ్డ కుట్టింది. నాలుగు దాటి ఎండ పడమటికి వాలాక డాబా ఎక్కి, ఆ అద్దంతో ఎండను మా కిటికీలోంచి లోపలి గోడ మీదికి కొట్టేది. రెండుసార్లు మెరిస్తే కాసేపు ఆగమని. మూడుసార్లు మెరిస్తే రమ్మని.

మూడు మెరవగానే నేను ఉరికేదాన్ని. వాళ్ల డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో ఇంకో ఇద్దరు ముగ్గురు చేరేవాళ్లు. ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు, అష్టాచెమ్మ, క్లాసులో ఎవరు ఎవరిని చూశారన్న పంచాయితీలు. పదో తరగతి పరీక్షలు రాసేసిన ఆ సెలవులంత సంతోషంగా నేను మళ్లీ ఎన్నడూ లేను. పెద్దయ్యాక అందరూ ఇదే మాట అంటారని తెలుసు. అయినా అంటున్నాను.

గొడవ ఆటలోనే వచ్చింది. నస్రీన్ వేసిన నాలుగు గవ్వల్లో మూడు బోర్లా పడ్డాయి, నాలుగోది పిట్టగోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమె అదీ బోర్లా పడ్డట్టే, అష్ట అంది. నేను కాదన్నాను. అష్ట అయితే పండబోతున్న నా కాయ పోతుంది. మిగతావాళ్లు నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

"అన్నీ తొండి ఆటలే నీయి. నీతోని కటీఫ్. ఇగ నన్ను పిలువకు," అని గవ్వలన్నీ ఏరి డాబా మీంచి వీధిలోకి విసిరేసి వచ్చాను. పదిహేనేళ్లు వచ్చినదాన్ని, ఒక్క గవ్వ కోసం.

మూడు రోజులు గోడ మీద వెలుగు పడలేదు. నేనూ పంతానికి పోయి వాళ్లింటి వైపు వెళ్లలేదు. కానీ నాలుగయ్యేసరికి పుస్తకమేదో ముందేసుకుని ఆ గోడకే చూస్తూ కూర్చునేదాన్ని.

నాలుగో రోజు పడింది. నల్లా వచ్చే వేళ, అంటే నాలుగున్నర. అమ్మ బిందె కోసం లోపలికి వచ్చింది. క్యాలెండర్ పక్కన అరచేతంత వెలుగు. ఒకటి, రెండు, మూడు. మూడోది కాస్త ఎక్కువసేపు నిలిచి వణికింది. చెయ్యి నొప్పి పెడితే నస్రీన్ అద్దం అలాగే వణికేది.

అమ్మ కూడా చూసింది. "ఏందే రజితా, నస్రీన్ పిలుస్తున్నట్టుంది. పోరాదు," అంది.

"నేను పోను. ఇంక జర సేపు పిలువనీ," అన్నాను.

లేచి కిటికీ రెక్కలు దగ్గరికి వేసి గడియ పెట్టాను. గెలిచినట్టు అనిపించింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి మాట కలుపుదామని, ముందు ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే ఆరు గంటలకు వాళ్లింటి ముందు జనం చేరారు. తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటాయనకు ఫోన్ వచ్చింది, నస్రీన్ చనిపోయిందని. ముందు రోజు పొద్దున్నే ముగ్గురూ ఘనపూర్‌లో వాళ్ల మామూ ఇంటికి వెళ్లారట. మాటలు లేవు కదా, నాకు తెలియదు. మర్నాడు, అంటే ఆ రోజే, పొద్దటి నుంచి మామూ పిల్లలతో మామిడితోటలో తిరిగింది. వాంతులయ్యాయి, కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ఖాలా ఒళ్లో ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు. పోయినప్పుడు మధ్యాహ్నం రెండైందట.

రెండు అన్న మాట విని అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. ఇంటికి తీసుకొచ్చి తలుపు వేసి, "ఎవ్వలకు చెప్పకు బిడ్డా," అంది.

నస్రీన్‌ను తెచ్చాక వెళ్లి చూశాను. నిద్రపోతున్నట్టే ఉందని అందరూ అన్నారు. నాకలా అనిపించలేదు. నస్రీన్ ఎప్పుడూ అంత బుద్ధిగా పడుకోదు. నాకు ఏడుపు కూడా రాలేదు. వారం తర్వాత అన్నం ముందు కూర్చుంటే వచ్చింది, ఇక ఆగలేదు.

నలభయ్యో రోజు అయ్యాక ఖాలా ఆమె సంచి విప్పింది. ఘనపూర్ తీసుకుపోయిన సంచి. బట్టల మడతల్లో ఆ అద్దం ఉంది. అంటే ఆ సాయంత్రం అద్దం కూడా ఊళ్లో లేదు. వాళ్ల డాబాకు మెట్లు ఇంటి లోపలి నుంచే. తాళంచెవి వాళ్ల నాన్న జేబులో ఉంది.

సర్వేయర్నయ్యాక ఒకసారి సెలవు పెట్టి వెళ్లి ఆ వెలుగు వచ్చిన దారి కూడా కొలిచాను. మా కిటికీ తూర్పుది. సాయంత్రం ఎండ నేరుగా లోపలికి వచ్చే వీలు లేదు. వెలుగు పడిన చోటి నుంచి కిటికీ గుండా దారం పట్టి చూస్తే, మధ్యలో ఉన్నవి పెంకుటిళ్లు, వాటి మీంచి కనిపించేది నస్రీన్ వాళ్ల పిట్టగోడ ఒక్కటే. ఏ స్టీలు పళ్లెమో మెరిసిందనుకుందామంటే, ఊరెళ్లేవాళ్లు డాబా మీద పళ్లేలు వదిలి వెళ్లరు. వదిలినా అది మూడుసార్లు మెరిసి ఆగదు. అమ్మను సాక్షిని అడిగినట్టు వేరుగా కూర్చోబెట్టి అడిగాను. తనూ మూడే అంది.

"నువ్వు ఉరికిపోయినా ఆడ తాళమే ఉండె గదనే," అని అమ్మ నన్ను ఓదారుస్తుంది. లెక్క ప్రకారం సరైన మాటే. నేను వెళ్లినా నస్రీన్ బతికేది కాదు. కానీ ఇక పిలవొద్దని నేనే అన్నాను. అయినా పిలిచింది, అంత దూరం నుంచి. అది తలచుకుంటే ఏ ఓదార్పూ పనిచేయదు.

పోయిన ఎండాకాలం ఖాలాను చూడటానికి వెళ్లి, ఎందుకో ఆగలేక ఆ వెలుగు సంగతి చెప్పేశాను. ఆమె భయపడలేదు, కొట్టిపారేయలేదు. కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది.

"నా ఒళ్లెనే ఉండె బేటా. నన్ను ఒక్కపారి అమ్మీ అని పిలువలే. నిన్ను మూడుపార్లు పిలిచిందా?" అంది.

అవునన్నట్టు తలూపాను.

"పోయినవా మరి?" అంది.

ఆమె ముఖం చూసి లేదనలేకపోయాను. "పోయిన ఖాలా. కింద నిలబడి చూసిన. పిట్టగోడ కాడ ఉండె."

"నవ్విందా?"

"నవ్వింది."

ఖాలా కళ్లు తుడుచుకుంది. నా తల నిమిరి, లేచి వెళ్లి చాయ్ పెట్టింది.

ఇప్పుడు మా వాడలో ఆ కథే నడుస్తోంది. చనిపోయిన పిల్ల దోస్తుకు కనిపించి నవ్వి పోయిందట అని. ఊరెళితే ఎవరో ఒకరు ఆపి, ఏ రంగు బట్టల్లో ఉందని అడుగుతారు. ఖాలా పక్కనే ఉంటుంది, నేనేదో ఒక రంగు చెబుతాను.

ఖాలాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకే ఇది రాయగలిగాను. ఆ వెలుగు ఎక్కడిదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎన్నిసార్లు వేసుకున్నా లెక్క తేలలేదు. తెలిసింది మాత్రం చెబుతాను. నేను నస్రీన్‌ను చూడలేదు. ఆమె నవ్విందో లేదో నాకు తెలియదు. పిలిచింది. నేను కిటికీ వేసుకున్నాను.