తలుపులు నావి, గోడ ఆయనది

మొన్న శుక్రవారం గాంధీనగర్‌లో సొంతిల్లు కొన్నాను. దానికి ముందు రెండు రోజులు, విడిపోయిన మొగుడి ఇంటికి గోడ కట్టాను. టీ తాగండి ముందు, తర్వాత నవ్వుదురు.

తిప్పేస్వామి, నేను వేరుపడి మూడేండ్లు. దేశనూరు ఇల్లు మాత్రం ఇద్దరి పేరు మీదా అట్లే ఉంది. అందులో నా భాగం చేతికొస్తేనే కొత్తిల్లు. అమ్మే శెట్టమ్మేమో శుక్రవారం దాటితే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంది.

ఇల్లు తను ఉంచుకొని, నా భాగం దుడ్డు ఇస్తానన్నాడు తిప్పేస్వామి. అక్కడే సంతకం పెట్టించుకొని వచ్చుంటే సరిపోయేది. నాకు తలవాకిలి గుర్తొచ్చింది. టేకు తలుపులు, గృహప్రవేశానికి మా నాయన బండి మీద తెచ్చి నిలబెట్టినవి. చుట్టూ ఉన్న చట్రం, దారబందరంతో సహా నాకే కావాలన్నాను. పంచాయితీకి ఇద్దరు పెద్దలొచ్చారు. ఒకాయన సొంత తమ్ముడితో పదేండ్లుగా మాట్లాడడు. ఇంకొకాయన్ను ఇంట్లో పెండ్లాం మాట్లాడనీదు. రెండో టీకి ఇద్దరూ న్యాయం నాదే అన్నారు.

"సంతకాలైనాక పీక్కపో," అన్నాడు తిప్పేస్వామి.

"ముందు తలుపులు, ఆమైన సంతకం." ఇరవై ఏండ్లు కాపురం చేసినదాన్ని, ఆయన మాట నాకు తెలీదా?

"ఆ కొత్తింటి వాకిలి కొల్చినావా?"

"నా తలుపులప్పా, నా ఇష్టం." విడిపోయినప్పటి నుంచి, బస్సు కండక్టరును పిలిచినట్లే ఆయన్ను కూడా 'అప్పా' అంటున్నాను.

మన మట్టిగోడల సంగతి మీకు తెలుసు. దారబందరాన్ని గోడ మోయదు, గోడనే దారబందరం మోస్తుంది. వడ్రంగి ఈరన్న గడ్డపార వేసి పెకలించాడు. తలుపులకు గీత కూడా పడలేదు. పైనున్న గోడంతా కూలింది. లోపల మంచం మీద కూర్చున్న తిప్పేస్వామి వీధిలోకి చక్కగా కనిపించాడు. గొంతు కూడా పెంచలేదు.

"తలుపులు నీవి. గోడ నాది. అది లేస్తేనే సంతకం."

అది మంగళవారం సాయంత్రం. ఒక్కడివల్ల రెండు రోజుల్లో కాదన్నాడు మేస్త్రీ. చీర ఎగ్గట్టి నేనే మట్టి తొక్కాను, తట్టలు మోశాను. ఎదురింటి గంగమ్మ మూడుసార్లు నీళ్లకు పోయింది, మూడుసార్లూ ఖాళీ బిందెతోనే తిరిగొచ్చింది. చివరికి ఆపుకోలేక అడిగింది: "ఏమక్కా, మళ్లా కలిసిపోయినారా?"

శుక్రవారం పొద్దున సిరుగుప్ప రిజిస్ట్రారాఫీసులో సంతకాలయ్యాయి. దీపాలు పెట్టే వేళకు శెట్టమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

మరుసటి రోజు ట్రాక్టరులో తలుపులొచ్చాయి. దారబందరం గేటులోనే పట్టలేదు. ఈరన్న వాకిలికి టేపు పెట్టి చూసి, బిగించాలంటే ముందుగోడ పగలగొట్టాలన్నాడు. గోడ అన్న మాటకే నా కాళ్లకు మళ్లీ బురద అంటినట్లయింది.

ఇప్పుడవి వీధిలో కాంపౌండుకు ఆనించి ఉన్నాయి, పైన గోనెపట్టా కప్పాను. దేశనూరులో ఎవరి తలుపుల వెనక ఏం జరుగుతోందో అడగండి, పూస గుచ్చినట్లు చెప్తాను. నా తలుపుల వెడల్పు ఒక్కటే చూసుకోలేదు.