దండల ఖాళీ జాగ

నా చిన్నప్పుడు బేరమంటే చేతిల చెయ్యి పెట్టి చేసేటోళ్లు. ఇప్పుడు బాన్సువాడల కూసొని ఫోన్ల చేస్తున్న, నా ఖర్మ! ఒక్క నిజాం జమానా వెండి రూపాయి కోసం ఆన్‌లైన్ల పాత నాణేలు అమ్మేటోని వెంట పడి యాష్టకొచ్చింది. ఫోటో పెడ్తడు, ధర పెడ్తడు. జర తగ్గియ్యి బిడ్డా అంటే సప్పుడు చెయ్యడు. మళ్ల వచ్చి, ఇంకో గిరాకీ తయారుగున్నడని పెంచుతడు. నేనన్న ఊకున్ననా? మా అవ్వ దండల ఒక రూపాయి తక్కువున్నది, మనవరాలి పెండ్లికి నింపి ఇయ్యాలెనని ముందే వాని ముందర చెప్పుకున్న. ఇగ దిగుతడా వాడు! "సెంటిమెంట్ ఉన్నది కద మేడం" అని ఇంకింత ఎక్కిండు. ఒళ్లు మండిపోయింది.

ఆ రూపాయి ఎట్ల పోయిందో నాకు ఎరుకే. అప్పుడు మేం బిచ్కుంద పక్క పల్లెల ఉండేది. దుక్కుల యాళ్లకు మా ఎద్దొకటి సచ్చిపోయింది. జోడు లేక నాగలి ఆగింది. తాత, అవ్వ నన్ను ఎంబడి పెట్టుకొని అంగడికి పోయిండ్రు.

ఎడ్ల అంగట్ల ధర నోటితోని చెప్పరు. కొనేటోడు, అమ్మేటోడు చేతులు పట్టుకొని పైన రుమాలు కప్పుతరు. లోపల వేళ్లు ఒత్తుకుంట బేరమాడుతరు, పక్కోనికి తెల్వకుండ. మా తాత బేరానికి దిగిండంటే అమ్మేటోళ్లకు హడలే. ఆ దినం మాత్రం రెండు మాట్ల ఒత్తిండో లేదో, రుమాలు తీసి ఒప్పుకున్న అన్నడు. తీరా చూస్తే నడుముకున్న సంచిల పైసలు జర తక్కువైనై. అవ్వ దిక్కు చూసిండు. అవ్వ గుర్రుగ చూసింది గని, నలుగుర్ల ఏమనలే. మెడల వెండి రూపాయల దండ నుంచి ఒకటి ఊడదీసి ఇచ్చింది.

తొవ్వ పొడుగూత మాత్రం దులిపింది. "ఏందయ్యా, గంత జల్ది ఒప్పుకున్నవ్? నీ తెలివి యాడ పోయింది?"

తాత ఎద్దు పగ్గం పట్టుకొని నడుస్తనే ఉన్నడు. "నేను తగ్గించినప్పుడల్ల ఆని చెయ్యి వణికిందే. ఏమక్కరొచ్చి అమ్ముకుంటుండో. నోటితోనైతే ఎంతన్న దబాయిద్దును. చెయ్యి అట్ల వణుకుతుంటె ఎట్ల గుంజుదు?"

అవ్వ ముందటికొచ్చి తాత చేతిల పగ్గం తను అందుకున్నది. తర్వాత పంటలు మంచిగనే వచ్చినై. తాత ఎన్నిమాట్ల అడిగినా ఆమె ఆ జాగల ఇంకో రూపాయి పెట్టించుకోలే. ఎందుకో అప్పుడు నాకు సమజ్ కాలే.

నిన్న నాణేలోడు ఇదే లాస్ట్ అని ఇంకో ధర పంపిండు. "ఇచ్చేద్దాం అమ్మమ్మా, ఒడిసిపోతది" అన్నది మనవరాలు. నా ఒక చేతిల ఫోన్. ఇంకో చెయ్యి కొంగు కింద దానంతట అదే వేళ్లు మడుస్తుంది, ఒత్తుతుంది. ఎవని చేతిని? అవతలోడు వణుకుతుండో, నవ్వుతుండో నాకేం ఎరుక! గీ అద్దం మీద ఎంత ఒత్తినా ఏం తెలుస్తది! కోపం, దుఃఖం రెండూ వచ్చినై.

ఫోన్ పిల్లకిచ్చి, వద్దని రాయుమన్న. దండ తెచ్చి పిల్ల మెడల ఏసిన. ఆ ఖాళీ జాగను ఆమె వేలితోనే తడిమించి, మా తాత బేరం సంగతి మొత్తం చెప్పిన. పిల్ల శానాసేపు ఆడికెళ్లి వేలు తియ్యలే.

నా చెయ్యి మాత్రం, ఫోన్ల ఎవడన్న ధర చెప్పిండంటే, ఇప్పటికీ కొంగు కిందికే పోతది.