మా మేడ ఎక్కని కొల్లేటి చెమ్మ

"మీ మిషన్లో మాత్రం పెట్టనని మాటివ్వండి" అంటూ ముప్పై అయిదేళ్ళ కిందట ఒక కంప్యూటర్ ఫ్లాపీ నా చేతిలో పెట్టిన లెక్కల మాస్టారు, పోయిన మంగళవారం పెదపాడులో తమ ఇంట్లోనే కన్నుమూశారు. నేను మాటిచ్చాను. నిలుపుకోలేదు. ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్ళు ఉన్నారు. కాని వాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు.

సమాధి దగ్గర మాట్లాడిన పెద్దలంతా ఆయన ఓర్పును పొగిడారు. అందులో తాడేపల్లిగూడెంలో ఒకప్పుడు కంప్యూటర్ సెంటర్ నడిపిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. మాస్టారి ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఉన్న కంప్యూటర్ మిషన్లను ఆటబొమ్మలని నలుగురిలో నవ్వినవాడు ఆయనే. ఆయన నేర్పిన పాఠాలు నాలుగేళ్ళకే పనికిరాకుండా పోయాయి. మైకు మాత్రం ఇంకా వదల్లేదు.

నాది అమీగా. కువైట్లో పనిచేసే మా తమ్ముడు తెచ్చాడు. మాస్టారిది అటారీ. క్రైస్తవ మిషన్ ఆసుపత్రి వదిలి ఇంగ్లండు వెళ్ళిపోతూ ఒక డాక్టరమ్మ ఇచ్చి వెళ్ళింది. రెండూ పదహారు బిట్ల కంప్యూటర్లే. నాది నాలుగు వేల రంగులు చూపేది, నాలుగు గొంతులతో పాడేది. ఆయన తెర మీద నలుపూ తెలుపే. నేను ఏలూరు కరెంటాఫీసులో పనిచేసేవాణ్ణి; ఆదివారం ఆరాధన అయ్యాక సైకిలు మీద ఏలూరు వచ్చి, మా మెట్ల దగ్గరే మొదలుపెట్టేవారు.

"ఏవండీ కరెంటాఫీసుగారూ, మీ నెమలి పురి విప్పడమేనా, గుడ్డేమన్నా పెట్టిందాండీ?"

"మీ కాకికి రంగేసుకుని రండి మాస్టారూ, అప్పుడు చెబుతా."

చివరికి ఒక అక్షరం మా పోటీని తేల్చింది. ఆయన గ్రాఫ్ కాగితం మీద చుక్క చుక్కగా తెలుగు అక్షరాలు గీసి మిషన్లోకి ఎక్కించేవారు. 'స్త్రీ' రాయాలంటే పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, పక్కన ర వత్తు. అన్ని చుక్కలు పట్టిస్తే నా తెర సన్నగీతల దగ్గర వణికేది, కళ్ళు నీళ్ళు కారేవి. ఆయన తెర మీద అదే అక్షరం అచ్చేసినట్టు కదలకుండా నిలబడింది.

"రంగు చూడ్డానికండీ. అక్షరం చదవడానికి" అన్నారు. నేను ఓటమి ఒప్పుకోలేదు.

ఆ అక్షరాలు వాళ్ళమ్మగారి కోసం. ఆవిడకు చూపు మందగించింది. చర్చిలో కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకుని, నోటికి వచ్చినవి పాడేవారు, రానివాటికి ఊరికే పెదవులు కదిపేవారు. ఉసిరికాయంత అక్షరాలతో ఆవిడకొక పుస్తకం వేసివ్వాలని ఆయన రెండేళ్ళు గీశారు. అంతా ఒక్క ఫ్లాపీలో ఉంది.

ఆ ఏడు వానలకు కొల్లేరు పొంగింది. ఇంట్లోకి నీళ్ళొస్తాయని మాస్టారు మిషన్ను అటకెక్కించి, ఫ్లాపీని నా దగ్గరికి తెచ్చారు. "మీది మేడ కదండీ, చెమ్మ తగలదు. ఇదొక్కటే ఉంది. మీ మిషన్‌కి దీని రాత అర్థం కాదు" అని చెప్పి మరీ మాట తీసుకున్నారు.

నాలుగు రోజులు ఆగాను. అయిదో రోజు పెట్టాను. ఆయన అక్షరాలను నా రంగుల్లో చూపించి ఆయన నోరు మూయించాలని నా పంతం. ఫ్లాపీ రెండింటికీ ఒకటే, లోపల రాసే పద్ధతి వేరు. ఇది నేను చదవగలిగేది కాదంది నా మిషన్. అయితే చదివేలా సిద్ధం చెయ్యమన్నాను. అన్నీ చెరిగిపోతాయి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ సరే అన్నాను. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ రెండు వాక్యాలు చదవలేదు.

నీళ్ళు తీశాక ఏమీ చెప్పకుండా ఫ్లాపీ తిరిగి ఇచ్చేశాను. తరువాతి ఆదివారం మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"పోయిందండీ. చెమ్మ తగిలినట్టుంది. కొల్లేరు ఎవర్ని వదిలింది కనకా" అన్నారు, నా ముఖం చూడకుండా. టీ తాగి వెళ్ళిపోయారు. మా మేడ మీదికి కొల్లేటి చెమ్మ ఎక్కడినుంచి వస్తుంది? ఆయనకు తెలుసు.

మళ్ళీ గీస్తానన్నారు. క్రిస్మస్‌కు ముందే వాళ్ళమ్మగారు పోయారు. ఇంక గీయలేదు. ఆదివారాలు రావడం మానలేదు గాని, నెమలి గుడ్డు సంగతి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

సమాధి దగ్గరినుంచి వచ్చాక వాళ్ళమ్మాయి నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. అటారీ మీద ఉతికిన తుండుగుడ్డ కప్పి ఉంది. పక్కనే ఆ ఫ్లాపీ. దాని మీద ఆయన గుండ్రటి చేతిరాతలో 'అక్షరాలు'.

"నాన్నగారు దీన్ని పారెయ్యనివ్వలేదండి. కొల్లేటి చెమ్మకి పోయిందంట కదండీ, బాబాయిగారూ?"

"అవునమ్మా" అన్నాను. ఫ్లాపీ నా చేతిలో పొడిగా ఉంది. ఇన్నేళ్ళు పెదపాడులో ఉన్నా దాని మీద చిన్న మచ్చయినా లేదు.

తప్పు నాదే. కాని ఆ ఆదివారం ఆయన నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే, కాళ్ళ మీద పడేవాణ్ణి. వాళ్ళమ్మగారు బతికుండగానే వెళ్ళి చెప్పుకునేవాణ్ణి. నేను నోరు తెరిచేలోగా అంత మర్యాదగా నేరం తీసుకెళ్ళి నీళ్ళ మీద పెట్టేసి, నాకు జీవితమంతా అబద్ధం ఇచ్చి వెళ్ళిన మనిషిని ఎలా క్షమించను? కొల్లేరును నేనేమీ అనను. ఇప్పటికీ నేను నిందించేది మా లెక్కల మాస్టారినే.